దొంగకు అన్నం పెట్టేదెవరు?



సంక్రాంతి అనగానే మనకు ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలతో పాటు కొత్త సినిమాలు కూడా గుర్తుకొస్తాయి. కడుపు నిండా భోంచేసి, ఇంటిల్లిపాదీ కలిసి ఒక సినిమా చూస్తేగాని మన తెలుగువాళ్లకు పండగ పూర్తయినట్టు ఉండదు. సముద్రాలు దాటి సింగపూరు వచ్చినా ఆ అలవాటు మనల్ని వదల్లేదు. అందుకే ఈ పండగ సంచికలో సినిమాకు సంబంధించిన ఒక ధర్మసందేహాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఈ సందేహం మొదట వచ్చింది నాకు కాదు, ఒక పదకొండేళ్ల పాపకు.

2025 కార్తీక మాసంలో ఒక శనివారం ఆంగ్ మో కియో ఎవెన్యూ 3లో ఉన్న మిత్రుల ఇంట్లో సత్యనారాయణస్వామి వ్రతం జరిగింది. నాలుగైదు కుటుంబాలవాళ్లం వెళ్లాం. ఐదు కథలూ విన్నాం. ప్రసాదం పుచ్చుకున్నాం. వదినగారు చేసిన పులిహోర, గారెలు తిన్నాం. పిల్లలు కింద వాయిడ్ డెక్‌లో ఆటలకు పోయారు. ఆడవాళ్లు వంటింటి దగ్గర కబుర్లలో పడ్డారు. మగవాళ్లం టి.వి. ముందు చేరాం. ఎవరో లాప్‌టాప్ తెచ్చి టి.వి.కి తగిలించి, ఆ వారమే విడుదలైన సినిమా పెట్టారు. ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా!

సినిమా మొదలయ్యే లోపల తెర మీద ప్రకటనలు వరసగా వచ్చి పడ్డాయి. ఒకటి మూసేస్తే ఇంకొకటి. అన్నీ క్రికెట్ పందేలవి, పేకాటవి. సరిగ్గా అప్పుడే మిత్రుడి కూతురు మంచినీళ్ల కోసం పైకి వచ్చింది. ఒక్క నిమిషం తెర వంక చూసి, "అంకుల్, ఈ సినిమాకి టికెట్ ఎంత?" అని అడిగింది. "టికెట్ లేదమ్మా, ఇది ఫ్రీ" అన్నాను. "ఫ్రీ అయితే ఈ యాడ్స్ ఎందుకు? వాళ్లు డబ్బులిస్తారు కదా? ఎవరికి ఇస్తారు?" అంది.

వాళ్ల నాన్న నవ్వి, "నువ్వెళ్లి ఆడుకోమ్మా" అని పంపేశాడు. సినిమా నడిచింది. నేను మాత్రం ఆ సినిమాలో ఏం జరిగిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఆ పాప ప్రశ్నే బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది.

ఉచితం వెనుక లెక్క

పాప ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే తెలిసిన సంగతులు ఇవి. దొంగ సినిమాలు పెట్టే వెబ్‌సైటు నడిపేవాడు పుణ్యానికి నడపడు. కంప్యూటర్లకు అద్దె కట్టాలి, సైటు మూతపడినప్పుడల్లా కొత్త పేరు కొనాలి, పైన లాభం చూసుకోవాలి. చూసేవాడి దగ్గర రూపాయి కూడా తీసుకోడు గనుక, ఆ డబ్బులో పెద్ద భాగం ప్రకటనల ద్వారా రావాలి. అమెరికాలో డిజిటల్ సిటిజన్స్ అలయన్స్ అనే సంస్థ 2014లో ఒక నివేదిక ప్రకటించింది. 596 దొంగ సైట్లను పరిశీలిస్తే, 2013 సంవత్సరంలో వాటికి ప్రకటనల మీద వచ్చిన ఆదాయం దాదాపు 22.7 కోట్ల డాలర్లని అందులో అంచనా వేశారు.

మరి ఆ ప్రకటనలు ఇచ్చేవాళ్లకు తాము ఎవరికి డబ్బు ఇస్తున్నామో తెలియదా? అన్ని సందర్భాల్లోనూ తెలియదు. పాత రోజుల్లో బట్టల కొట్టు యజమాని పత్రికాఫీసుకు వెళ్లి, ఫలానా పేజీలో ఫలానా చోట నా ప్రకటన వేయండని చెప్పి డబ్బు కట్టేవాడు. ఇంటర్నెట్‌లో పద్ధతి వేరు. మనం ఒక పేజీ తెరిచీ తెరవగానే, ఆ పేజీలో ఉన్న ఖాళీ జాగాకు రెప్పపాటులో కంప్యూటర్ల మధ్య వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన మన ముందుకు వస్తుంది. ప్రకటన ఇచ్చే సంస్థ కొనుక్కునేది పత్రికలో జాగాను కాదు, చూసే మనిషిని. ఆ మనిషి ఎక్కడికి పోతే ప్రకటన అక్కడికి వెంటపడి పోతుంది. అలా పోయి పోయి, పేరున్న బ్యాంకు ప్రకటనో, కార్ల కంపెనీ ప్రకటనో దొంగ సినిమా పక్కన తేలుతుంది. మధ్యలో నలుగురైదుగురు దళారులు. ఎవరిని అడిగినా "నాకు తెలియదు" అంటారు. మన సామెత ఉంది కదా, తిలా పాపం తలా పిడికెడని!

ఈ సంగతి గ్రహించాక కొన్ని దేశాల్లో రాజకీయ నాయకులు, పోలీసులు కొత్త దారి పట్టారు. దొంగ ఏ దేశంలో ఉన్నాడో తెలియనప్పుడు వాడికి డబ్బు చేరే దారిని మూసేద్దామన్నారు. సిటీ ఆఫ్ లండన్ పోలీసులు 2013లో ఇలాంటి నేరాల కోసమే ఒక ప్రత్యేక విభాగం పెట్టి, 2014లో దొంగ సైట్ల జాబితా ఒకటి తయారుచేశారు. ప్రకటనల సంస్థలు ఆ జాబితా చూసుకుని, అందులో ఉన్న సైట్లకు తమ ప్రకటనలు పోకుండా ఆపుకోవాలి. అప్పటి బ్రిటన్ ప్రధానికి మేధాసంపత్తి సలహాదారుగా ఉన్న మైక్ వెదర్లీ అనే పార్లమెంటు సభ్యుడు, డబ్బు జాడ పట్టుకుని పొమ్మంటూ అదే ఏడాది ఒక నివేదిక ఇచ్చాడు. ఈ పద్ధతి వల్ల బ్రిటన్‌లోని పెద్ద ప్రకటనదారుల ప్రకటనలు దొంగ సైట్లలో 73 శాతం తగ్గాయని 2015లో పోలీసులు ప్రకటించారు. యూరోపియన్ కమిషన్ ప్రోద్బలంతో 2018లో ప్రకటనల సంస్థలు ఇలాంటి ఒప్పందమే చేసుకున్నాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ మేధాసంపత్తి సంస్థ 2019లో 'వైపో అలర్ట్' పేరుతో వివిధ దేశాల జాబితాలను ఒకచోటికి చేర్చే ఏర్పాటు చేసింది. మన తెలంగాణ ప్రభుత్వం కూడా 2016 జూన్‌లో, తెలుగు ఫిలిం ఛాంబర్ తోడ్పాటుతో, లండన్ విభాగాన్ని నమూనాగా తీసుకుని హైదరాబాదులో ఒక మేధాసంపత్తి నేరాల విభాగాన్ని ప్రారంభించింది.

ఇక్కడే ధర్మసందేహం మొదలవుతుంది. దొంగతనం చేయనివాడిని, దొంగను ముఖాముఖి ఎరగనివాడిని, నువ్వు దొంగకు సాయం చేస్తున్నావని నిలదీయడం న్యాయమేనా? ప్రభుత్వంలో ఉన్నవాళ్లు వ్యాపారస్తులను పిలిచి, ఫలానా వారికి డబ్బు ఇవ్వొద్దని ఒత్తిడి చేయడం ధర్మమేనా?

తెలిసి చేసినవాడు, తెలియక చేసినవాడు

ఈ ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణానికి కంటకశోధనమని పేరు. రాజ్యానికి ముళ్లలా తయారైనవాళ్లను ఏరివేయడం గురించి అందులో చెప్పారు. దొంగలకు అన్నం పెట్టినవారికి, నిలువ నీడ ఇచ్చినవారికి, పనిముట్లు అందించినవారికి, నిప్పు ఇచ్చినవారికి, ఆలోచన చెప్పినవారికి కూడా అక్కడ గట్టి దండనే చెప్పారు. అయితే వెంటనే ఒక మినహాయింపు ఉంది. తెలియక చేసినవాడైతే మందలించి వదిలిపెట్టాలి.

ఆ ఒక్క మినహాయింపులో ఎంత ఆలోచన ఉందో చూడండి. ఆకలితో గుమ్మం ముందుకొచ్చిన మనిషికి అన్నం పెట్టిన గృహిణి, అతను దొంగ అని ఎరగకపోతే ఆమెది పాపం కాదు. పైగా పుణ్యమే. కాని రాజభటుడు వచ్చి, అమ్మా, ఇతను ఫలానా దొంగ అని చెప్పి వెళ్లిన తర్వాత కూడా మర్నాడు విస్తరి వేస్తే, అప్పుడు ఆమె చేతిలోని అన్నం మారకపోయినా చేసిన పని మారిపోయింది.

ప్రకటనదారుల విషయంలో జాబితా చేసే అసలు పని ఇదే అని నాకు తోస్తుంది. అది తెలియనివాడిని తెలిసినవాడిగా చేస్తుంది. జాబితా చేతికి వచ్చాక "నాకు తెలియదు" అన్న మాట చెల్లదు. తన డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకుని దొంగకు పోకుండా చూసుకోవడం వ్యాపారస్తుడి స్వధర్మం. దానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. గుడికి చందా ఇచ్చే ముందు రసీదు పుస్తకం అసలుదో కాదో చూసుకోమా? ఇదీ అంతే.

దండించే అధికారం ఎవరిది?

అంతవరకు బాగానే ఉంది. కాని జాబితా తయారుచేసేవాడు పొరబడితే? లేదా కావాలనే నచ్చనివాడి పేరు ఎక్కిస్తే?

ఆ రోజు మేం విన్న వ్రతకథనే గుర్తుచేసుకోండి. సాధువు అనే వర్తకుడూ అతని అల్లుడూ వ్యాపారానికి చంద్రకేతు మహారాజు నగరానికి వెళతారు. రాజుగారి సొమ్ము దోచుకుపోతున్న దొంగలు, భటులు తరుముకొస్తుంటే భయపడి, ఆ మూట వీళ్ల బస దగ్గర వదిలి పారిపోతారు. భటులు వచ్చి చూస్తే సొమ్ము అక్కడ ఉంది. ఇంకేం, మామా అల్లుళ్లను కట్టి తీసుకుపోతారు. వాళ్ల మాట వినే నాథుడు లేడు. విచారణ లేకుండానే కారాగారం, ఉన్న సరుకంతా రాజుగారి ఖజానాకు! అది వర్తకుడు మొక్కు తీర్చని ఫలితమని కథ చెబుతుంది. ఆ మాట నిజమే. కాని ఆ రాజు తన తప్పు తెలుసుకుని, తీసుకున్నదానికి రెట్టింపు ఇచ్చి పంపించాడన్నది కూడా కథలో ఉంది. ఏటేటా వింటున్నా, ఆ రెండో ముక్క మీద మనం పెద్దగా దృష్టి పెట్టం.

ఈ కాలంలోనూ అలా జరిగింది. అమెరికాలో హిప్ హాప్ సంగీతం గురించి రాసే దజాజ్1 అనే సైటును, అది దొంగ పాటలు పంచుతోందంటూ 2010 నవంబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. తీరా చూస్తే, నేరం కింద చూపిన పాటలు ప్రచారం కోసం సంగీత కంపెనీల తరఫునే వచ్చాయని సైటువాళ్లు వాదించారు. ఏడాది పైచిలుకు గడిచాక 2011 డిసెంబరులో, ఏ నేరమూ మోపకుండానే సైటును తిరిగి ఇచ్చేశారు. రెట్టింపు మాట దేవుడెరుగు!

అదే 2011 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభలో సోపా అనే బిల్లు పెట్టారు. మొదటి ముసాయిదా ప్రకారం, హక్కుదారుడు ఫలానా సైటు నా సొత్తు దొంగిలిస్తోందని నోటీసు ఇస్తే చాలు, ప్రకటనల సంస్థలు, డబ్బు చెల్లింపుల సంస్థలు ఐదు రోజుల్లో ఆ సైటుతో సంబంధం తెంచుకోవాలి. సైటువాడు ఎదురు జవాబు ఇచ్చుకోవచ్చు గాని, ముందుగా న్యాయమూర్తి చూసి తేల్చే పని లేదు. దీని మీద పెద్ద గొడవ జరిగింది. 2012 జనవరి 18న వికీపీడియా ఇంగ్లీషు సైటు నిరసనగా ఒక రోజంతా మూసుకుంది. రెండు రోజులకే బిల్లు అటకెక్కింది. అయితే మరుసటి ఏడాది 2013 జూలైలో, వైట్ హౌస్ ప్రోత్సాహంతో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ వంటి సంస్థలు దొంగ సైట్లకు ప్రకటనలు పోనివ్వబోమని స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి. చట్టంతో కుదరనిది మాటసాయంతో కుదిరింది. రాజుగారు సలహా చెబితే అది వినేవాడికి సలహాలా వినబడుతుందా, ఆజ్ఞలా వినబడుతుందా? ఆలోచించాల్సిన సంగతే.

మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. ఇద్దరూ అన్నదమ్ములు, తపస్వులు. ఒకనాడు తమ్ముడు లిఖితుడు అన్న ఆశ్రమానికి వచ్చి, అన్న ఇంట్లో లేకపోతే, చెట్టునున్న పండ్లు కోసుకుని తింటూ కూర్చున్నాడు. శంఖుడు వచ్చి, ఇవి ఎక్కడివని అడిగాడు. ఇక్కడివే అని తమ్ముడు నవ్వుతూ చెప్పాడు. అడగకుండా తీసుకోవడం దొంగతనం, రాజు దగ్గరకు వెళ్లి చెప్పి శిక్ష పొందమన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు క్షమిస్తానన్నా లిఖితుడు ఒప్పుకోలేదు. రెండు చేతులూ నరికించుకుని వచ్చాడు. తర్వాత అన్న చెప్పినట్టు బాహుదా నదిలో తర్పణం విడవబోతే చేతులు తిరిగి మొలిచాయి. అప్పుడు తమ్ముడు అడుగుతాడు, నీకు ఇంత తపశ్శక్తి ఉండగా మొదటే నన్ను ఎందుకు పవిత్రుణ్ణి చేయలేదని. నిన్ను దండించే అధికారం నాది కాదు, అది రాజుది అని అన్న జవాబు చెబుతాడు.

పండ్లు శంఖుడివి. నష్టం శంఖుడిది. దొంగ ఎదురుగా నిలబడి ఒప్పుకున్నాడు. అయినా దండన తన చేతిలోకి తీసుకోలేదు. సినిమా నిర్మాతలు, పాటల కంపెనీలు నేర్చుకోవాల్సింది ఇదే. సొత్తు మీదైతే కావచ్చు, తీర్పు మాత్రం మీది కాకూడదు.

ఈ విషయంలో మనం ఉంటున్న సింగపూరు పద్ధతి గమనించదగ్గది. 2014లో ఇక్కడి కాపీరైటు చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం హక్కుదారులు హైకోర్టుకు వెళ్లి, ఫలానా సైటు బాహాటంగా దొంగ సరుకు పంచుతోందని చూపించాలి. సైటు యజమానికి తెలియజేసే ప్రయత్నం చేయాలి. అప్పుడు కోర్టు తేల్చి, ఆ సైటును ఆపమని ఇంటర్నెట్ కంపెనీలకు చెబుతుంది. 2018లో ఒకే దఫా 53 సైట్లను ఇలా ఆపించారు. తర్వాత 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, దొంగ ప్రసారాలు చూపించే పెట్టెల అమ్మకాన్ని కూడా నేరం చేసింది. 2022 అక్టోబరులో సిమ్ లిమ్ స్క్వేర్ దుకాణాల్లో సోదాలు చేసి 17 మందిని పట్టుకుని, 2,500కు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకున్న వార్త మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇండియాలో దారి వేరు. 2023 నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ 12 మంది అధికారులను నియమించి, ఫిర్యాదు అందిన 48 గంటల్లో సైటును ఆపించే ఏర్పాటు చేసింది. అది వేగమైన దారి. సినిమా బతికేది మొదటి రెండు వారాలే గనుక ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. కాని వేగం పెరిగినకొద్దీ పొరపాటుకు కూడా అవకాశం పెరుగుతుంది.

కాబట్టి నాకు తోచిన తీర్పు ఇది. జాబితా సమాచారంగా ఉన్నంతవరకు మంచిదే. అది దండనగా మారినప్పుడు మూడు కట్టుబాట్లు ఉండి తీరాలి. దేని ఆధారంగా పేరు ఎక్కించారో అందరికీ తెలియాలి. ఎక్కించే ముందు ఆ సైటువాడి మాట వినాలి. తప్పు జరిగితే పేరు తీయించుకునే దారి ఉండాలి. లండన్ పోలీసులు ముందుగా సైటువాళ్లకు తెలియజేసి, దిద్దుకునే అవకాశం ఇస్తారు. అది మెచ్చుకోవాల్సిన పద్ధతి. కాని వాళ్ల జాబితాను ప్రకటనల రంగంవాళ్లకు తప్ప బయటివాళ్లకు చూపించరు. అది ఒప్పుకోలేని పద్ధతి.

మన ఇంటి సంగతి

మేం ఆ సినిమా చూసిన రెండు వారాలు తిరక్కుండానే హైదరాబాదు నుంచి పెద్ద వార్త వచ్చింది. 2025 నవంబరులో సైబర్ క్రైం పోలీసులు, ఐబొమ్మ సైటు నడుపుతున్నాడన్న అభియోగం మీద ఒక వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. వేల సినిమాలు దొరికాయని, సుమారు 20 కోట్ల రూపాయలు సంపాదించాడని, అందులో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల డబ్బు ముఖ్యమని పోలీసులు చెప్పారు. ఈ అభియోగాల్లో నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే. నన్ను ఆశ్చర్యపరిచింది అరెస్టు కాదు. ఆ తర్వాత మనవాళ్లు రాసిన రాతలు. పేదవాడికి సినిమా చూపించిన మహానుభావుడన్నారు. టికెట్ల ధరలు పెంచినవాళ్లను వదిలి ఇతన్ని పట్టుకుంటారా అన్నారు.

ఆ కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. పండగ సినిమాకు ధర పెంచుకోవడానికి ప్రభుత్వాలు అనుమతి ఇవ్వడం, నలుగురున్న కుటుంబం హాలుకు వెళితే వేలల్లో ఖర్చవడం మనం చూస్తున్నదే. ఇంకొక మాట కూడా చెప్పాలి. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పెట్టిన కేసుల్లో సినీనటుల పేర్లు కూడా ఉన్నాయి. కేసు పెట్టినంత మాత్రాన ఎవరూ దోషి కారు. అయినా, ఏ డబ్బు దొంగ సైటును బతికిస్తోందని అంటున్నారో, అలాంటి డబ్బే సినిమావాళ్ల గుమ్మంలోకి కూడా వచ్చిందంటే, వేలు చూపించే ముందు అందరం చేతులు కడుక్కోవాలి. 2025 ఆగస్టులో ఇండియా పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది.

కాని ఇక్కడొక చిక్కు ఉంది. ఒత్తిడికి లొంగేది పరువున్నవాడే. జాబితా చూసి బ్యాంకు, సబ్బుల కంపెనీ తప్పుకుంటాయి. వాళ్లు ఖాళీ చేసిన జాగాలోకి పందేలవాళ్లు, బూతు బొమ్మలవాళ్లు, కంప్యూటరులోకి వైరస్ పంపేవాళ్లు వచ్చి కూర్చుంటారు. వాళ్లకు ఏ మంత్రి ఉత్తరం రాసినా భయం లేదు. ఆ రోజు పాప చూసిన ప్రకటనలు అలాంటివే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా దగ్గర బంధువుల అబ్బాయి ఒకడు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రెండేళ్ల కిందట నేను ఊరికి వెళ్లినప్పుడు, "మామయ్యా, సింగపూరులో మన సినిమాలు ఎలా చూస్తారు?" అని అడిగాడు. నేను గొప్పగా వాడి ఫోనులోనే ఒక సైటు తెరిచి చూపించాను. ఆ సైటులో వచ్చిన ప్రకటన నొక్కి వాడు పందేలాటలో దిగాడు. మొదట రెండు మూడు వందలు వచ్చాయట. తర్వాత రెండు సెమిస్టర్ల ఫీజు పోయింది. ఫీజు కట్టలేదని కాలేజీ నుంచి కబురు వచ్చేదాకా ఇంట్లో తెలియదు. వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టారు. అబ్బాయి ఇప్పుడు దారిలో పడ్డాడు, చదువు పూర్తిచేస్తున్నాడు. గాజులు ఇంకా విడిపించలేదు. నన్ను వాళ్లు ఒక్క మాట అనలేదు. సైటు చూపించింది నేనన్న విషయం వాళ్లమ్మకు ఈనాటికీ తెలియదు. ఈ వ్యాసం ఆమె చదివితే అప్పుడే తెలుస్తుంది.

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేనని ఆమోదించినవాడు, నలుగురూ ఫలితంలో సమానంగా భాగం పంచుకుంటారని మన పెద్దలు చెబుతారు. ఇన్నాళ్లూ ఆ మాట ప్రవచనాల్లో విని తల ఊపేవాడిని. ఆ నలుగురిలో నేనెక్కడున్నానో ఎన్నడూ వెతుక్కోలేదు.

మన జాబితా మనమే

ప్రకటనదారుకు కౌటిల్యుడు ఇచ్చిన మినహాయింపు ఉంది, తెలియక చేశానని చెప్పుకోవచ్చు. మనకు ఆ మినహాయింపు వర్తిస్తుందా? ఆ రోజు లాప్‌టాప్ తగిలించినప్పుడు ఎక్కడి సినిమా అని ఎవరూ అడగలేదని పైన రాశాను. అడగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, తెలిసి ఉండడం.

మనం చెప్పుకునే సమాధానాలు నాకు తెలుసు. అన్నీ నేను చెప్పుకున్నవే. ధర ఎక్కువ అంటాం. ధర నచ్చకపోతే కొనకుండా ఉండే హక్కు మనకుంది. తీసుకునే హక్కు దాని నుంచి రాదు. దారిలో తిండి అయిపోయిన బాటసారి పక్క పొలంలోంచి రెండు చెరుకు గడలు తీసుకుంటే అతనికి దండన లేదని మనుస్మృతిలో ఉంది. ఆకలికి మన పెద్దలు మినహాయింపు ఇచ్చారు. ఆంగ్ మో కియోలో ఫ్లాటు, టి.వి., లాప్‌టాప్ ఉన్నవాడి సరదాకు ఇవ్వలేదు. బాగున్న సినిమాకు ఎలాగూ నష్టం రాదంటాం. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికి వచ్చేసింది. నిర్మాతలు హడావుడిగా విడుదల తేదీ ముందుకు జరిపారు. అయినా ఘనవిజయం సాధించింది. నిజమే. కాని అది పెద్ద హీరో సినిమా. కొత్త దర్శకుడు అప్పు చేసి తీసిన చిన్న సినిమాకు ఆ దెబ్బ తట్టుకునే బలం ఉండదు. మనకు ఆ సినిమా ఇక్కడ దొరకడం లేదంటాం. ఈ ఒక్కదానిలో కొంత నిజముంది. చిన్న సినిమాలు సింగపూరు హాళ్లకు రావు. ఇండియాలో ఓటీటీలో ఉన్నవన్నీ ఇక్కడ కనిపించవు. అలాంటప్పుడు నెలో రెండు నెలలో ఆగడం కష్టమే. కాని శంఖుడు వచ్చేదాకా ఆగి ఉంటే లిఖితుడికి ఆ పండ్లు దక్కకపోయేవా?

అసలు సంగతి ఏమిటంటే, ఆ రెప్పపాటు వేలంలో అమ్ముడయ్యేది మన చూపే. మనం ఆ పేజీ తెరవకపోతే వేలం లేదు. పరువున్నవాడు పాడినా, పందేలవాడు పాడినా, వాళ్లు కొంటున్నది మనం అక్కడ కూర్చున్న సమయాన్ని. పార్లమెంటులు ఒత్తిడి చేసి వ్యాపారస్తుల చేతులు ఆపవచ్చు. మన కళ్లను ఆపేవాడు మాత్రం ఎక్కడా లేడు. ఆ పని మనదే. ప్రభుత్వం తయారుచేసే జాబితాకు నోటీసు కావాలి, విచారణ కావాలి, అప్పీలు కావాలి. మన ఇంటి జాబితాకు ఏ కోర్టూ అక్కర్లేదు. ఎందుకంటే అందులో ఎవరినీ దండించడం లేదు, మనల్ని మనం కట్టడి చేసుకుంటున్నాం.

ఆ శనివారం చూసిన సినిమాకు ఆ మరుసటి వారం నేను, మా ఆవిడ హాలుకు వెళ్లి టికెట్లు కొన్నాం. రెండోసారి చూడటానికి అంత బాగా ఏమీ లేదు. అయినా కూర్చున్నాం. మిత్రుడి కూతురికి ఫోనులో జవాబు చెప్పాను. "అమ్మా, ఆ రోజు సినిమాకి డబ్బులు ఇచ్చింది పందేలవాళ్లు. వాళ్లకు ఆ డబ్బు పందెంలో ఓడిపోయినవాళ్ల దగ్గర నుంచి వచ్చింది" అన్నాను. కాసేపు ఆగి, "అయితే అది ఫ్రీ కాదు కదా అంకుల్?" అంది. కాదమ్మా అన్నాను.

భోగి నాడు ఊళ్లో పాత సామాను తెచ్చి మంటలో వేస్తాం. ఇక్కడ ఫ్లాట్లలో భోగిమంట వేసుకునే వీలు లేదు గనుక, పిల్లలకు భోగిపళ్లు పోసి తృప్తిపడుతున్నాం. ఈసారి రేగిపళ్లు పోసే ముందు, మన ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ దాచుకున్న ఆ సైట్ల పేర్లు ఒకసారి వెతికి తీసేద్దాం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు తీసేస్తున్నామో చెప్పి మరీ తీసేద్దాం. ఎవరికైనా మనమే ఆ దారి చూపించి ఉంటే, వాళ్లకు ఒక ఫోను చేద్దాం. నేను గుంటూరుకు చేయాల్సిన ఫోను ఇంకా చేయలేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపు చేస్తాను.